ఆ తెర ఎవరిది? గీసినాయనదా, కుట్టినవాళ్ళదా?

లలిత_ఎడిసన్: న్యూజెర్సీలోని మిల్‌బర్న్‌లో బ్నాయ్ ఇజ్రాయెల్ అనే సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కోసం 1951లో ఒక పరోఖెత్ తయారైంది. తోరా (యూదుల ధర్మగ్రంథం) చుట్టలు పెట్టే మందసం ముందు వేలాడే తెర అది. ఆర్కిటెక్ట్ పెర్సివల్ గుడ్‌మన్ పిలిస్తే చిత్రకారుడు అడాల్ఫ్ గాట్లీబ్ డిజైన్ ఇచ్చాడు. వెల్వెట్ మీద ప్యాచ్‌వర్కూ జరీ కుట్టూ ఆ సినగాగ్ ఆడవాళ్ళు చేశారు. తర్వాత అది న్యూయార్క్ జ్యూయిష్ మ్యూజియంకి చేరింది. అందరూ ‘గాట్లీబ్ తెర’ అనే అంటారు. న్యాయమేనా?

చిత్రశాల_రావు: న్యాయమే. 1940ల్లో ఆయన వేసిన పిక్టోగ్రాఫ్ బొమ్మలు చూడండి. అవే గళ్ళు, గళ్ళలో అవే తరహా గుర్తులు. ఆ ఊహే లేకపోతే కుట్టడానికి ఏముంటుంది?

మగ్గం_మస్తాన్: రావుగారూ, వెల్వెట్ మీద ఎప్పుడైనా సూది దింపారా? నూగు ఒక వైపుకే వాలి ఉంటుంది. ఒక ముక్క తిరగబడిందంటే అదే గుడ్డ వేరే రంగులా కొడుతుంది. కుడుతుంటే పై ముక్క జరిగిపోతుంది. కాగితం మీద గీసినాయనకి ఈ బాధలుండవు, అవన్నీ సూది పట్టినవాళ్ళే తేల్చుకోవాలి.

శాస్త్రం_సుబ్బు: అది సరే, లైనింగ్ దేంతో వేశారు? ఉన్నీ, అవిసెనారా కలిసిన బట్ట వేసుకోకూడదని ద్వితీయోపదేశకాండం 22:11.

లలిత_ఎడిసన్: వెల్వెట్ మామూలుగా పట్టో నూలో ఉంటుంది కదండీ. అయినా ఆ నియమం ఒంటి మీద వేసుకునే బట్టకి.

శాస్త్రం_సుబ్బు: తెర దగ్గర ఉండే సేవకుడు చలికి దాన్నే కప్పుకుంటాడన్న మాట తాల్ముద్‌లో ఉంది. అందుకే అడిగాను.

పాప్‌కార్న్_పద్మ: వీళ్ళు లైనింగ్ వదలరు 😄

చిత్రశాల_రావు: మస్తాన్, పనితనం కాదనట్లేదు. పనికి కూలి ఉంటుంది, ఊహకి పేరు ఉంటుంది.

మగ్గం_మస్తాన్: అదిగో, అసలు మాట బయటికొచ్చింది. ఒక పెళ్ళి లెహంగాకి రాత్రులు కూర్చుని దబ్కా పని (చుట్టిన జరీ తీగతో చేసే కుట్టు) చేశాం. పత్రికలో డిజైనర్ ఫొటో వేశారు. మా షెడ్‌లో ఎవరి పేరూ లేదు, కూలిలో సగం ఇప్పటికీ బాకీ.

చిత్రశాల_రావు: నీ బాకీకి గాట్లీబ్ ఏం చేస్తాడయ్యా! నేనొక కల్యాణమండపానికి తెర గీసిస్తే కమిటీవాళ్ళు రెండు నెమళ్ళు ఇరికించి, నా పేరు మాత్రం ఉంచారు. పదిమంది చేతుల్లో పడితే ఊహ మిగలదు. నా భయం అది.

లలిత_ఎడిసన్: ఇద్దరూ మీ మీ పాత పద్దులే తీస్తున్నారు. ఆ ఆడవాళ్ళు బయటి నుంచి వచ్చిన కూలీలు కారు. ఆ తెర ఎదుట నిలబడి ప్రార్థన చేసిందీ వాళ్ళ కుటుంబాలే. వెనిస్‌లో 17వ శతాబ్దంలో సిమ్హా మెషుల్లామి అనే ఆవిడ తాను కుట్టిన పరోఖెత్ మీద తన పేరే కుట్టుకుంది. అదీ ఇదే మ్యూజియంలో ఉంది.

చిత్రశాల_రావు: ఒక్కరి పేరు కుట్టడం తేలికేనమ్మా. మిల్‌బర్న్‌లో ఎంతమంది పేర్లు కుడతారు? తెరంతా జాబితా అయిపోతుంది.

మగ్గం_మస్తాన్: అంచు లోపలి వైపు కుట్టండి. నేను కుట్టిస్తాను, జరీ ఖర్చు మీది.