మామూలు లేజర్‌తో బెల్ పరీక్షలో 2 దాటితే అది క్వాంటం అయినట్టేనా?

ప్రశ్న:
బెల్ పరీక్షలో (రెండు కొలతల ఫలితాలు ఎంత గట్టిగా ముడిపడ్డాయో చూసే పరీక్ష, సీహెచ్‌ఎస్‌హెచ్ దాని ఒక రూపం) ఆ ముడిని కొలిచే ఎస్ విలువ 2 దాటితే అక్కడ ఎంటాంగిల్‌మెంట్ (కణాల మధ్య క్వాంటం ముడి) ఉన్నట్టే అని చదువుకున్నాను. తీరా చూస్తే 2015లో భౌతిక శాస్త్రవేత్త ఎబర్లీ బృందం మామూలు కాంతితోనే, ఫోటాన్లు లెక్కపెట్టకుండా తీవ్రత మాత్రమే కొలిచి, 2.5 దాటించిందట! మరి ఇందులో క్వాంటం ఎక్కడుందండీ?

జవాబు 1:
ఎక్కడా లేదు. రేడియల్ పోలరైజేషన్ (కాంతి తరంగం ఊగే దిశ కిరణం మధ్య నుంచి బయటికి ఉండడం) ఉన్న లేజర్ కిరణం తీసుకోండి, అందులో ఒక్కోచోట పోలరైజేషన్ ఒక్కో దిశలో ఉంటుంది కాబట్టి కిరణం ఆకారాన్నీ పోలరైజేషన్‌నీ విడదీసి రాయలేం. ఆ సమీకరణం అచ్చం బెల్ స్థితి (పూర్తిగా ఎంటాంగిల్ అయిన జంట) సమీకరణంలాగే ఉంటుంది, సూపర్‌పొజిషన్ (తరంగాలు ఒకదానిపై ఒకటి కలవడం) మాక్స్‌వెల్ తరంగాలకూ, అంటే మామూలు కాంతికీ, ఉన్నదే కదా. లెక్క ఒకటే అయినప్పుడు ఎస్ కూడా 2.828 దాకా పోతుంది, అందులో వింతేమీ లేదు. కాకపోతే ఆ రెండు లక్షణాలూ ఒకే కిరణానివి. 1964లో బెల్ వాదన నిలబడిందే రెండు కొలతలు దూరంగా జరుగుతాయి, ఒకచోటి సెట్టింగ్ (ఏ దిశలో కొలవాలన్న ఎంపిక) రెండోచోటి ఫలితాన్ని తాకదు అన్న షరతు మీద. ఒకే కిరణంలో ఆ షరతే లేదు, ఇక 2 దాటినా క్వాంటం కాని వివరణని ఏం ఓడించినట్టు? భౌతిక శాస్త్రవేత్త స్ప్రీయు 1998లోనే ఈ తేడా చెప్పాడు.

జవాబు 2:
పై జవాబుకి ఒక చేర్పు. అదే 2015లో డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో ఉంచిన రెండు వజ్రాల్లోని ఎలక్ట్రాన్ స్పిన్‌లతో (వాటి సూక్ష్మ అయస్కాంత గుణంతో) వచ్చిన ఎస్ 2.42 మాత్రమే, అంటే మీరు చెప్పిన మామూలు కాంతి విలువకన్నా తక్కువ. అయినా బరువు దానిదే, ఎందుకంటే అక్కడ ఆ దూరం షరతు ఉంది. అంకె చూసి మురిసిపోకండి.

ప్రశ్న అడిగినవారు:
అయితే మామూలు కాంతితో క్వాంటంని అనుకరించడం అంతా ఉత్త గారడీయేనా?

జవాబు 3:
అంత మాట అనొద్దు గురూ. ఘోస్ట్ ఇమేజింగ్‌నే (వస్తువును తాకని కాంతితో దాని బొమ్మ తీయడం) తీసుకోండి: 1995లో ఎంటాంగిల్ అయిన ఫోటాన్లతో చేశారు, క్వాంటం లేనిదే కుదరదనుకున్నారు, 2002లో బాయిడ్ బృందం మామూలు లేజర్‌తోనే నీడబొమ్మ తీసి చూపించింది. ఏ పనికి క్వాంటం నిజంగా కావాలో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. హద్దులు మాత్రం గట్టివే. ఒక్క ఫోటాన్‌ని బీమ్ స్ప్లిటర్ (కాంతిని రెండు దారుల్లోకి చీల్చే అద్దం) మీదికి పంపితే రెండు డిటెక్టర్లూ ఒకేసారి మోగవు, మామూలు కాంతిని ఎంత తగ్గించినా ఆ పని చేయించలేరు. పైగా 10 క్యూబిట్‌లను (క్వాంటం సమాచారపు యూనిట్లు) ఒకే కిరణంలో అనుకరించాలంటే 1024 మోడ్‌లు (వేర్వేరు కిరణ ఆకారాలు) కావాలి, 20కి పది లక్షలు దాటతాయి... ఏ లేజర్ టేబుల్ మీద అమరుస్తారు చెప్పండి!