రెండో తరగతిలో 27 మంది, స్కూల్‌ని అడగొచ్చా?

మిర్యాలగూడ, డాలస్‌కి కొత్త:
అందరికీ నమస్తే. మేం జులైలో వచ్చాం. పాపని ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూల్లో రెండో తరగతిలో వేశాం. సెక్షన్లో 27 మంది. పాపకి ఇంగ్లిష్ అర్థమవుతుంది గానీ గబుక్కున మాట్లాడలేదు. ఏదైనా అడుగుదామంటే తన వంతు వచ్చేలోపే టైమ్ అయిపోతోందని రోజూ ఏడుపు. ఊళ్లో 45 మంది మధ్య చదివిన పిల్లే కదా అని మొదట పట్టించుకోలేదు. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. హెచ్‌1బీ మీదున్న మేం స్కూల్‌ని అడిగితే ఏమైనా ఇబ్బంది అవుతుందా?

నకిరేకల్, టెక్సాస్‌లో 16 ఏళ్లు:
తమ్ముడూ, భయపడకు. అడగడానికీ వీసాకీ సంబంధం లేదు. కాగితాలు లేని పిల్లల్ని కూడా బడిలో చేర్చుకోవాల్సిందేనని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు ఇదే టెక్సాస్‌లోని టైలర్ ఊరిది. ఇక టెక్సాస్‌లో క్లాసుకి 22 మందికి మించకూడదని 1984 నుంచి చట్టం ఉంది.

అయితే నన్నడిగితే అసలు జాగ్రత్త ఇల్లు తీసుకునేటప్పుడే పడాలి. మేం వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంట్ ఆఫీసులో "రోడ్డు దాటితే స్కూలే, మీ పిల్లలిద్దరికీ అదే" అన్నారు. 14 నెలల లీజు మీద సంతకం పెట్టాం. లీజు, టీకాల కాగితాలు పట్టుకుని వెళ్తే పెద్దవాణ్ణి తీసుకున్నారు. చిన్నవాడి ఒకటో తరగతి నిండిపోయిందని ఆరు మైళ్ల అవతల బడికి పంపారు. మా పక్కింటివాళ్లకీ అంతకుముందు ఏడాది ఇలాగే అయిందట, అంటే ఆ ఆఫీసుకి తెలిసే మాకు చెప్పలేదు. ఖాళీ చేస్తామంటే రెండు నెలల అద్దె కట్టమన్నారు. మా ఇంటావిడకి అప్పటికి కారు నడపడం రాదు. నవంబర్లో పొద్దున్నే చీకట్లో టార్చి పట్టుకుని వాడితో బస్సు దగ్గర నిలబడేది. వాడు నిద్రమొహంతో బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగి చూసేవాడు. అందుకే చెప్తున్నా, స్కూల్‌కి ఫోన్ చేసి "ఈ తరగతిలో సీటు ఉందా" అని అడిగాకే లీజు మీద సంతకం పెట్టాలి.

అచ్చంపేట, 11 ఏళ్లు:
అన్నా, తమ్ముడు లీజు గురించి అడగలేదు. 22 అన్ని తరగతులకీ కాదు, నాలుగో తరగతి వరకే. పైగా స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మీ ప్రాంతంలో పబ్లిక్ స్కూళ్లు నడిపే సంస్థ, అర్జీ పెట్టుకుంటే రాష్ట్ర విద్యా కమిషనర్ మినహాయింపు ఇవ్వొచ్చు. అప్పుడు ఆ క్లాసు తల్లిదండ్రులకి రాతపూర్వకంగా చెప్పాలి. తమ్ముడూ, అలాంటి ఉత్తరం వచ్చిందా? రాకపోతే మీది "డిస్ట్రిక్ట్ ఆఫ్ ఇన్నోవేషన్" అయ్యుండొచ్చు. 2015లో వచ్చిన చట్టం అది. దాని కింద 22 నిబంధనని పక్కన పెట్టుకునే వీలుంది. ఆ ప్లాన్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో ఉంటుంది, చదువు.

ఇంకో మాట. ఆఫీసులో రేషియో చెప్పి పంపేస్తారు. రేషియో అంటే బడి మొత్తం మీద ఒక్కో టీచర్‌కి సగటున ఎంతమంది పిల్లలని. అది వేరు, క్లాసు వేరు. క్లాసు చెప్పే టీచరే కాదు, మిగతా టీచర్లు కూడా రేషియోలోకి వస్తారు. "ఈరోజు మా పాప గదిలో ఎంతమంది" అని ఈమెయిల్లో అడుగు. మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు నేను ఓపెన్ హౌస్‌కి వెళ్లి గోడకున్న బ్యాగుల కొక్కేలు లెక్కపెట్టాను. కొక్కేలు 22, పేర్ల చీటీలు 26. నాలుగు కొక్కేలకి రెండేసి పేర్లు. ఫొటో తీసి ప్రిన్సిపల్‌కి పంపితే రెండు వారాల్లో ఒక హెల్పర్‌ని వేశారు.

నకిరేకల్:
సెక్షన్ అయితే విడగొట్టలేదు కదా చెల్లీ. నేననేదేంటంటే, టీచర్ మంచివాళ్లైతే 30 మంది ఉన్నా నడుస్తుంది. కాలిఫోర్నియా 1996లో చిన్న తరగతుల్ని 20కి తగ్గించబోయి, శిక్షణ పూర్తికానివాళ్లని టీచర్లుగా పెట్టుకోవాల్సి వచ్చింది. మనం జిల్లా పరిషత్ హైస్కూల్లో 70 మందిమి కూర్చుని చదవలేదా?

అచ్చంపేట:
టీచర్లని తయారు చేసుకోకుండా తొందరపడ్డారు, అందుకు అలా అయింది. టెనెసీలో 1985 నుంచి నాలుగేళ్లు పిల్లల్ని లాటరీ పద్ధతిలో పంచి చూశారు. 13 నుంచి 17 మంది ఉన్న క్లాసులు కొన్ని, 22 నుంచి 25 మంది ఉన్నవి కొన్ని. చిన్న క్లాసుల పిల్లలే చదవడంలో, లెక్కల్లో ముందున్నారు. పేద పిల్లలకీ నల్లజాతి పిల్లలకీ లాభం ఇంకా ఎక్కువ.

దేవరకొండ, రిటైర్డ్ టీచర్‌ని, కొడుకు దగ్గరికి వచ్చాను:
నకిరేకల్ బాబూ, ఆ 70 మందిలో అమెరికా వచ్చినవాళ్లు ఇక్కడ రాస్తున్నారు. బడి మానేసి హైదరాబాద్ మేస్త్రీల వెంట పోయినవాళ్ల మాట మనకి వినపడదు. నేను తండా బడుల్లో 31 ఏళ్లు చేశాను. పిల్లలకి ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. గదిలో 58 మంది ఉన్న ఏడాది, తెలుగు రానివాళ్లు వెనక వరసలో కిక్కురుమనకుండా కూర్చునేవారు. అల్లరి చేసేవాళ్లని చూసుకోవడంతోనే నాకు గంట అయిపోయేది. 24 మంది ఉన్న ఏడాది రోజూ ఒక్కొక్కరి చేతా చదివించాను. ఆ వెనక వరస పిల్లలే దసరా నాటికి బోర్డు దగ్గరికి వచ్చారు. మిర్యాలగూడ పాప ఎందుకు ఏడుస్తోందో నాకు తెలుసు.

రేషియో గొడవ మన దగ్గరా ఉందమ్మా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచర్, 60 మంది దాకా ఇద్దరు ఉండాలి. 28 మంది పిల్లలకి ఒక్కరే ఉంటే సగటు బాగానే కనిపిస్తుంది. కానీ ఆ ఒక్కరే ఐదు తరగతులు చెప్పాలి.

అచ్చంపేట:
నిజం సార్. తమ్ముడూ, చేర్చేటప్పుడు ఇంటి భాష ఏదని ఫారం ఇస్తారు, అందులో తెలుగు అని రాశావా? అలా రాస్తేనే పరీక్ష పెట్టి, అవసరమైతే ఈఎస్ఎల్ సాయం, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లిష్ నేర్పడం, ఇస్తారు. చిన్నతనమని చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తారు.

మిర్యాలగూడ:
తెలుగు అనే రాశాం అక్కా. పరీక్ష అయింది, వారానికి కొన్ని గంటలు విడిగా చెప్తున్నారు. సార్, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. మాకు ఉత్తరమేమీ రాలేదు. ప్లాన్ తెరిచి చూస్తే 22 నిబంధన పాటించబోమని రాసుకున్నారు. పికప్ లైన్లో మాట్లాడితే నలుగురు తల్లిదండ్రులు మాతో వస్తామన్నారు. సోమవారం స్కూల్ బోర్డు మీటింగ్‌లో బడ్జెట్ అంశం ఉంది, దాని మీద మాట్లాడతానని పేరిచ్చాను. మూడు నిమిషాలు ఇస్తారట. తడబడతానేమోనని రాసుకుంటున్నాను.

అచ్చంపేట:
రాసింది నాకు పంపు, చూస్తాను. మొదటి వాక్యంలోనే 27 అని చెప్పు. పాప ఏడుపు సంగతి తర్వాత.

నకిరేకల్:
మీటింగ్ ఎన్నింటికి తమ్ముడూ? పాపని మా ఇంట్లో దింపి వెళ్లండి. మీ ఆవిడ కూడా రావాలి కదా.