స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది, ఆడియో మాత్రం తప్పు పలుకుతోంది

పల్లెబడి: మధ్యాహ్నం నుంచీ దీంతోనే కూర్చున్నాను. ఇంగ్లీషులో ఉన్న పాఠాన్ని పిల్లల కోసం చదివి వినిపించే యాప్‌తో ఆడియోగా మారుస్తున్నాను. మిగతాదంతా బాగానే చదువుతోంది కానీ ఎల్-ఇ-ఎ-డి అనే ఒక్క మాటని ప్రతిసారీ లీడ్ అనే అంటోంది. స్పెల్లింగ్ సరిచూశాను, ఆడగొంతు, మగగొంతు రెండూ మార్చి చూశాను. రేపు పొద్దున్నే క్లాసు, టెన్షన్‌గా ఉంది.

రైలుబండి: వాక్యం పెట్టండి. ఏ యాప్?

భాషాభిమాని: టీచర్‌గారూ, ఇంగ్లీషు తీరే అంత. రికార్డ్ అనే మాట చూడండి. నామవాచకమైతే మొదటి భాగాన్ని ఒత్తి పలకాలి, క్రియైతే రెండోదాన్ని. ఆబ్జెక్ట్, పర్మిట్ కూడా అంతే. హోమోనిమ్స్ (ఒకేలా ఉండి అర్థం వేరైన మాటలు) అని పరీక్ష కోసం బట్టీ పట్టిస్తారు తప్ప మన బడుల్లో ఎవరూ నోటితో పలికించరు. నా బాధ అదే.

సాంకేతికం: ఒకే స్పెల్లింగ్‌తో ఉచ్చారణ, అర్థం రెండూ వేరైతే వాటిని హెటెరోనిమ్స్ అంటారండీ.

భాషాభిమాని: హోమోగ్రాఫ్ (ఒకే స్పెల్లింగ్, వేరే అర్థం) అన్నా తప్పు లేదు. బ్యాస్ అంటే ఒక చేప, బేస్ అంటే సంగీతంలో కింది స్వరం, స్పెల్లింగ్ ఒక్కటే.

సాంకేతికం: హోమోగ్రాఫ్ అంటే ఇంకా పెద్ద గుంపు. గబ్బిలం అనే బ్యాటూ క్రికెట్ బ్యాటూ అందులోకే వస్తాయి, కానీ రెంటినీ ఒకేలా పలుకుతాం.

రైలుబండి: వాక్యం?

పల్లెబడి: కెమిస్ట్రీ అండీ. పాతకాలం నీళ్ల పైపుల్లో సీసం వాడేవారు అనే వాక్యం.

సాంకేతికం: ఆ ముక్క ముందే చెప్పాల్సింది! సీసమైతే లెడ్. ఇలాంటి చాలా యాప్‌లు నామవాచకమా, క్రియా అని చూసి పలుకుతాయి. రికార్డ్‌కి అది చాలు. ఇక్కడ సీసమూ నామవాచకమే, పోటీలో ఆధిక్యమూ నామవాచకమే. అర్థం తెలిస్తే తప్ప విడదీయలేం. ఆడియోకి ఇచ్చే కాపీలో ఎల్-ఇ-డి అని చిన్న అక్షరాల్లో రాయండి. పెద్ద అక్షరాలైతే ఎల్ఈడీ బల్బు అనుకోవచ్చు. పిల్లల కాగితంలో మాత్రం ఎల్-ఇ-ఎ-డి అనే ఉంచండి.

భాషాభిమాని: మనకీ ఉంది ఇలాంటిది. చాపలో చ వేరు, చేపలో చ వేరు. పాత నిఘంటువుల్లో మొదటిదానికి ౘ అని గుర్తు పెట్టేవారు. ఇప్పుడు అదీ పోయింది.

రైలుబండి: విషయం పక్కకి పోతోంది.

పల్లెబడి: లెడ్ అనే పలికింది! థాంక్సండీ. ఫిజిక్స్‌లో మేకు చుట్టూ తీగ చుట్టారు అన్నచోట గాయంలా వూండ్ అంటోంది. వౌండ్ అని ఎలా పలికించాలి?

రైలుబండి: అక్కడ అదే అర్థమున్న కాయిల్డ్ అని మార్చేయండి.