కాక్టస్ పొడితో పొట్ట తగ్గుతుందా? షుగర్ మాత్రలు కూడా వాడుతున్నాను

చక్కెరచిలుక:
నాకు 46 ఏళ్లు, పొట్ట బాగా పెరిగింది, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ వాడుతున్నాను, ట్రైగ్లిజరైడ్లు కూడా ఎక్కువే అన్నారు. నోపాల్ అనే కాక్టస్ పొడి పరగడుపున తాగితే కొవ్వు కరిగిపోతుందని ఏదో వీడియో చూసి డబ్బా తెప్పించాను, ఇంకా మూత తీయలేదు. ఎవరైనా వాడారా? కుండీలో జెముడు ఉండగా పొడి దండగ కదా, అదే రసం తీద్దామంటోంది మా ఆవిడ.

మొక్కలపిచ్చి:
అన్నా, ఆ కుండీ జోలికి మాత్రం పోకండి! జెముడు అని పిలిచేవన్నీ కాక్టస్‌లు కావు. నోపాల్ నాగజెముడు జాతిది, పాము పడగల్లాంటి బల్లపరుపు మట్టలుంటాయి, మెక్సికోలో ముళ్లు గీకేసి కూరగాయలాగే తింటారు. తెల్లటి పాలు కారేది యుఫోర్బియా అనే వేరే జాతి జెముడు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, మింగితే నోరూ కడుపూ మండిపోతాయి.

ల్యాబ్‌కోటు:
కొవ్వు కరగడం ఉత్తమాటండీ. నోపాల్‌లో ఉండేది జిగురు, పీచు. ఆ జిగురు పేగులో అన్నాన్ని పట్టుకుని చక్కెర రక్తంలోకి మెల్లగా చేరేలా చేస్తుంది, అందుకే టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు భోజనంతో పాటు పెట్టి చూసిన చిన్న చిన్న పరిశోధనల్లో తిన్నాక పెరిగే షుగర్ కాస్త తగ్గింది. తిన్న నూనెలో కొంత మలంలో పోతుందనీ చూశారు. బరువు సంగతికొస్తే, మనుషుల మీద చేసిన ట్రయల్స్ అన్నీ కలిపి 2015లో లెక్కేస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) మాత్రం కొంచెం తగ్గింది. మీకు అసలు టెన్షన్ గ్లిమెపిరైడ్‌తో, అది ఒక్కటే షుగర్‌ని మరీ కిందికి దించగలదు, దానికి ఇది తోడైతే చెమటలు, వణుకు రావచ్చు. డాక్టర్‌ని అడగకుండా మూత తీయకండి.

పాతకాపు:
నేను రెండు నెలలు తాగాను. కిలో తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేసింది, కడుపుబ్బరం మాత్రం పోలేదు, అమ్మినవాడు ఫోనెత్తడు. దీనికంటే ముందు హూడియా అని ఇంకోటి ఊదరగొట్టారు గుర్తుందా? ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో శాన్ అనే ఆదివాసీ జనం ఆకలి తెలియకుండా నమిలే మొక్క. అది అసలు కాక్టసే కాదు! దాంతో బరువు తగ్గించే సరుకు చేద్దామని చూసిన పెద్ద కంపెనీలు ఫైజర్ 2003లో, యూనిలీవర్ 2008లో వదిలేశాయి.

చక్కెరచిలుక:
అందరికీ థాంక్స్. ఇప్పుడే కుండీలో కొమ్మ గిచ్చి చూశాను, పాలే కారాయి. మా ఆవిడ జ్యూసర్ లోపల పెట్టేసింది. డబ్బా సోమవారం డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్తాను.