పత్తి గింజలు తిన్న గేదె నెయ్యి రాయిలా గట్టిపడుతుందా?

యలహంక వాసి:
గుంటూరు జిల్లాలోని మా ఊరి నుంచి అమ్మ పంపిన గేదె నెయ్యి ఈ డిసెంబరులో రాయిలా బిగుసుకుంది. నిన్న తీయబోతే చెంచా కాడ వంగింది. ఇందులో వనస్పతి కలిసిందని ఎదురింటాయన తేల్చేశారు. అమ్మ తన చేత్తో కాచిన నెయ్యి అది! గేదెకు నానబెట్టిన పత్తి గింజలు పెడుతున్నాం, అందుకేనేమో అంటుంది అమ్మ. నిజమేనా?

లెక్కల మాస్టారు:
మేతలోని నూనె పాలలోకి వస్తే నెయ్యి పలచబడాలి కదండీ. పత్తి నూనె సీసాలో పోసి ఉంచితే నూనెలాగే ఉంటుంది. అసలు కారణం బెంగళూరు చలి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున కూర్చుని గుంటూరు నెయ్యి జారడం లేదంటే ఎలా?

పాల ప్రయోగశాల విశ్రాంత ఉద్యోగి:
గడ్డకట్టడానికి చలి చాలు, చెంచా వంగడానికి చాలదు. మాస్టారి లెక్క కోడికి సరిపోతుంది. అది తిన్న నూనె పెద్దగా మారకుండా సొనలో చేరుతుంది. అవిసె గింజలు పెడితే గుడ్డులో ఒమేగా-3 పెరిగేది అందుకే. గేదె నెమరు వేసే జంతువు. దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు అసంతృప్త కొవ్వు గిట్టదు. దానికి హైడ్రోజన్ ఎక్కించి, త్వరగా గట్టిపడే సంతృప్త కొవ్వుగా మార్చేస్తాయి. పత్తి నూనెలో సగం దాకా ఉండే లినోలెయిక్ ఆమ్లం అనే అసంతృప్త కొవ్వు చాలావరకు స్టియరిక్ ఆమ్లం అనే సంతృప్త కొవ్వై బయటపడుతుంది. వనస్పతి కార్ఖానాలో జరిగేదీ ఇంచుమించు ఇదే. ఎదురింటాయనది పూర్తి తప్పేమీ కాదు, కార్ఖానా గేదె పొట్టలో ఉంది, అంతే.

పొదుగులోని ఒక ఎంజైము ఆ స్టియరిక్‌లో కొంత భాగాన్ని ఓలెయిక్ ఆమ్లంగా మార్చి పాలకొవ్వును మెత్తబరుస్తుంది. పత్తి గింజల్లో కొద్దిగా ఉండే స్టెర్క్యులిక్ ఆమ్లం ఆ ఎంజైముకు అడ్డుపడుతుంది. ఓలెయిక్ 15 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, స్టియరిక్‌కు 69 కావాలి. ఇక చెంచా వంగదా మరి? (పెట్టలకు పత్తి చెక్క పెడితే, నిల్వ ఉంచిన గుడ్లలో తెల్లసొన గులాబీ రంగుకు తిరగడం కూడా ఈ జాతి ఆమ్లాల పనే.)

లెక్కల మాస్టారు:
బాగుంది. ఇక కల్తీ చేసే ప్రతివాడూ మా గేదె పత్తి తిన్నదంటాడు.

పాల ప్రయోగశాల విశ్రాంత ఉద్యోగి:
అంటారు కూడా. పత్తి మేతతో నెయ్యి రైకర్ట్ విలువ (స్వచ్ఛత తేల్చడానికి చూసే, ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాల కొలత) తగ్గుతుంది కనుక అగ్‌మార్క్ నియమాల్లో పత్తి ప్రాంతాల నెయ్యికి అంకెలు వేరుగా రాశారు. వనస్పతి తేలిగ్గా పట్టుబడాలనే మన దేశంలో అందులో 5 శాతం నువ్వుల నూనె తప్పనిసరి చేశారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ చేర్చి కుదిపితే ఎర్రబడుతుంది. పామాయిల్‌ను నేరుగా కలిపిన దొంగ మాత్రం ఈ పరీక్షకు దొరకడు.

యలహంక వాసి:
అమ్మకు ఫోను చేశాను. సంక్రాంతి దాకా రోజూ రెండు కిలోల గింజలట. కొంచెం తగ్గించమన్నాను. “వెన్న తగ్గుతుంది. నువ్వే చెంచా మార్చుకో” అంది.