రాబర్ట్ జాన్సన్ రికార్డులు నిజంగానే 20 శాతం వేగం పెంచినవా?

నాదబిందు:
1930ల అమెరికా బ్లూస్ గాయకుడు, గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ రికార్డులు అతను పాడినదానికన్నా 20 శాతం వేగంగా వచ్చాయని ఒక వాదన ఉంది. 'అసలు వేగం' పేరుతో నెమ్మది చేసిన జాన్సన్ పాటలు యూట్యూబులో చాలానే ఉన్నాయి. నేను ఆ వాదన వైపే. ఆ గొంతు సన్నగా, బిగబట్టినట్టు ఉంటుంది. గిటారు శ్రుతి కూడా ఎత్తులో ఉంది, తీగల్ని అంత బిగిస్తే తెగుతాయి. 20 శాతం తగ్గించి వినండి, గొంతులో పాతతరం బ్లూస్ గాయకుడు సన్ హౌస్ బరువు వస్తుంది, వేళ్ల పని కూడా మనిషి చేయగలిగినట్టు ఉంటుంది. కంపెనీవాళ్లు ఊపు కోసం కావాలనే వేగం పెంచారని నా అనుమానం. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

గాడీముల్లూ:
లెక్కలతోనే వద్దాం నాదబిందు గారూ. ముందు 20 శాతం అంటే ఏమిటో తేల్చుకోవాలి. 1.2 రెట్లు పెంచారంటే, వెనక్కి తేవడానికి 0.833తో గుణించాలి. శ్రుతి 3.16 సెమీటోన్లు (గిటారు మీద ఒక మెట్టు ఒక సెమీటోన్) దిగుతుంది. ఆ వీడియోల్లో కొన్ని నేరుగా 0.8 పెడుతున్నాయి, అది 3.86 సెమీటోన్లు. వాళ్ల వాదన ప్రకారమే చూసినా ఎక్కువ దించేశారు.

రెండోది, రికార్డింగులు ఒకే చోట జరగలేదు. 1936 నవంబరు 23, 26, 27 తేదీల్లో శాన్ ఆంటోనియో గుంటర్ హోటల్లో, 1937 జూన్ 19, 20న డల్లాస్ పార్క్ అవెన్యూ 508లో. మధ్యలో దాదాపు ఏడు నెలలు. యంత్రం పొరపాటే అయితే రెండు ఊళ్లలోనూ అదే 20 శాతం ఎలా కుదిరింది? పైగా ఆ నవంబరు వారంలోనే గుంటర్ హోటల్లో చక్ వాగన్ గ్యాంగ్ అనే బృందం కూడా పాడింది. వాళ్ల రికార్డులు ఎవరికీ వేగంగా వినిపించడం లేదే!

కేపో మూడో మెట్టు:
తీగలు తెగుతాయన్న మాటకి జవాబు నా పేరులోనే ఉంది 🙂 కేపో అంటే తీగలన్నింటినీ ఒక మెట్టు దగ్గర నొక్కి పట్టే బిగింపు. ఓపెన్ జీలో (వట్టి తీగలే జీ కార్డు పలికేలా) శ్రుతి చేసి మూడో మెట్టు మీద కేపో పెడితే బీ ఫ్లాట్ వస్తుంది, తీగ బిగువు దాదాపు మారదు. కేపో ఆ రోజుల్లో కూడా అందరికీ దొరికే వస్తువే. కాబట్టి శ్రుతి ఎత్తు చూసి వేగం తేల్చలేం. ఒక్కడే కూర్చుని వాయించే మనిషి ఏ ట్యూనింగ్ ఫోర్కుకీ కట్టుబడి శ్రుతి చేయడు కూడా.

నాదబిందు:
పొరపాటు అని నేననలేదు, కావాలని చేశారన్నాను. 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపు మూడు నిమిషాలే కదా. రికార్డు చేసేటప్పుడు నెమ్మదిగా తిప్పుతూ గాడీ కోస్తే పాట మొత్తం పడుతుంది, తర్వాత 78లో వాయిస్తే వేగం పెరుగుతుంది. ఇందులో అసాధ్యం ఏముంది?

గాడీముల్లూ:
అసాధ్యం కాదు, అవసరం లేదు. పది అంగుళాల వైపులో మూడు నిమిషాలు దాటి కూడా పట్టించవచ్చు. జాన్సన్ టేకుల్లో (పాటను ఒక్కోసారి రికార్డు చేసినవి) రెండున్నర, రెండుముప్పావు నిమిషాల్లో ముగిసినవి ఉన్నాయి. గాడీకి ఇంకా చోటుండగా వేగం ఎందుకు తగ్గిస్తారు? పైగా నిమిషానికి 65 చుట్ల దగ్గర కోస్తే ముల్లు కింద గాడీ నెమ్మదిగా సాగుతుంది, లోపలి గాడీల్లో పై స్వరాలు మసకబారతాయి. ఏ ఇంజనీరూ ఉచితంగా నెత్తికెత్తుకునే తలనొప్పి కాదు అది.

అచ్చుహల్లు:
గొంతు సంగతి నేను చెప్తాను. వేగం మారిస్తే శ్రుతి ఒక్కటే కాదు, నోరు, గొంతు కలిసి అచ్చులకిచ్చే రంగు కూడా అదే నిష్పత్తిలో మారుతుంది. మగవాళ్లలో గొంతు నాళం సుమారు 17 సెం.మీ. 0.833 చేసినప్పుడు వినిపించే మనిషికి 20 సెం.మీ. పైగా నాళం ఉండాలి. 'కమాన్ ఇన్ మై కిచెన్' మొదటి టేకు మధ్యలో పాట ఆపి మామూలుగా మాట్లాడతాడు చూడండి, అక్కడ పరీక్షించండి. ఉన్న వేగంలో అది మామూలు మాట. తగ్గిస్తే నిద్రమత్తులో నాలుక లాగినట్టుంటుంది. 'స' ధ్వనిని మాత్రం నమ్ముకోవద్దు, ఆ పౌనఃపున్యాలు ఈ రికార్డుల్లో సరిగ్గా లేవు.

50 హెర్ట్జ్:
మన దగ్గర లక్క రికార్డులు వాయించేవాళ్లకి ఒక హెచ్చరిక. స్ట్రోబ్ పళ్లెం అంటే వేగం సరిచూసే గీతల పళ్లెం, సరైన వేగంలో కరెంటు దీపం కింద దాని గీతలు కదలనట్టు కనిపిస్తాయి. అమెరికా పళ్లెం 60 హెర్ట్జ్ కరెంటు కోసం, 92 గీతలు, 78.26 ఆర్‌పీఎం. అదే పళ్లెం మన 50 హెర్ట్జ్ దీపం కింద పెడితే గీతలు 65.2 దగ్గర నిలబడతాయి. అంటే సరిగ్గా ఈ 'అసలు వేగం' వాళ్లడిగే నెమ్మదే వచ్చేస్తుంది! మనకి కావాల్సింది 77 గీతల పళ్లెం (77.92). ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటి కింద గీతలు తేలవు, నియాన్ దీపం వాడండి. ఎల్పీ ముల్లు (0.7 మిల్; మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టకండి, గాడీ అడుగున దొర్లి గరగర తప్ప ఏమీ రాదు. 3 మిల్ ఉండాలి. స్పిరిటుతో అస్సలు తుడవద్దు, లక్క కరిగిపోతుంది.

నాదబిందు:
సరే, 20 వదిలేద్దాం. ఐదారు శాతం అయినా ఉండదంటారా? 78 అనేది కూడా అందరూ ఒక్కలా పాటించిన అంకె కాదుగా.

గాడీముల్లూ:
రెండు మూడు శాతానికి నాకు అభ్యంతరం లేదు. ఆరు శాతం అంటే పూర్తి సెమీటోన్, దానికి రుజువు కావాలి. అప్పట్లో కోత యంత్రాలు చాలావాటిని కరెంటుతో కాక బరువు దింపుతూ తిప్పేవారు, వేగం గవర్నర్ (వేగాన్ని నిలకడగా ఉంచే భాగం) చేతిలో ఉండేది. కాబట్టి రికార్డులో పడిన కరెంటు హమ్ (సన్నని మోత) చూసి తేల్చేద్దామన్నా దొరక్కపోవచ్చు, దొరికినా అది తర్వాత ట్రాన్స్‌ఫర్ చేసినప్పటిది కావచ్చు. టేకులో మొదటి కార్డునీ (కలిపి మోగించిన తీగలు) చివరిదాన్నీ పోల్చండి. గిటారూ గొంతూ కలిసి శ్రుతి మారితే అది యంత్రం తేడా, ఒక తీగే మారితే ఆ తీగ శ్రుతి జారింది.

కేపో మూడో మెట్టు:
ఇంకోటి. జానీ షైన్స్, రాబర్ట్ లాక్‌వుడ్ ఇద్దరూ జాన్సన్ పక్కన కూర్చుని వాయించినవాళ్లు. జాన్సన్ పాటల 1961 ఎల్పీ వచ్చాక దశాబ్దాలు బతికారు, ఇంటర్వ్యూలు ఇచ్చారు. గొంతు మారిపోయిందని వాళ్లు ఫిర్యాదు చేసినట్టు నేనెక్కడా చదవలేదు.

నాదబిందు:
చెవి జ్ఞాపకం సాక్ష్యం కాదండి, 23 ఏళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? గవర్నర్ మాట మాత్రం చూడాలి. ఆడాసిటీలో (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్) పరీక్షకి ఏది వాడాలి, చేంజ్ స్పీడా, టెంపోనా?

గాడీముల్లూ:
స్పీడ్. టెంపో అయితే శ్రుతి అలాగే ఉంచి శబ్దాన్ని సాగదీస్తుంది, తీగల మీద స్లైడ్ జార్చిన మోతలో గరుకు వస్తుంది. పెట్టెలో 0.833 కొట్టండి. పోలికకి 0.97 కూడా ఒకటి చేసుకోండి. ఎంపీ3 వద్దు, జాన్సన్ పాటల 1990 సీడీల నుంచి నేరుగా తీసిన వేవ్ ఫైలు పెట్టండి.