హషిమోటో అన్నారు, టాబ్లెట్ మానకపోయినా టీఎస్‌హెచ్ నిలకడగా ఉండట్లేదు

పటమట కోడలు:
వయసు 32. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోందని, పొద్దున లేస్తే ఒళ్లంతా బరువుగా ఉంటోందని సూర్యారావుపేటలో డాక్టరుగారికి చూపించుకుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను చాలకపోతే రక్తంలో పెరిగేది) 14, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద పడే యాంటీబాడీలు) 600 పైన వచ్చాయి. హషిమోటో థైరాయిడైటిస్ అని రాసి 50 మైక్రోగ్రాముల టాబ్లెట్ ఇచ్చారు. తర్వాత టీఎస్‌హెచ్ 3.8కి వచ్చింది, మళ్లీ 8, మొన్న 6.5. ఐదున్నరకి టాబ్లెట్, పాప బాక్సు సర్దే హడావిడిలో వెంటనే ఫిల్టర్ కాఫీ, టిఫిన్ అవగానే ఐరన్, కాల్షియం వేసుకుంటాను. రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం, అదీ టెన్షన్. ఒక బంధువు ఏదో పొడి ఇచ్చి, ఇది తాగితే థైరాయిడ్ వేళ్లతో సహా పోతుంది, ఇంగ్లీషు మందు ఆపేయమంటున్నారు. కార్తీక సోమవారం ఉపవాసానికి టాబ్లెట్ వేసుకోవచ్చా అని మా అత్తయ్యగారి సందేహం. క్యాబేజీ మానాలా? యాంటీబాడీలు తగ్గే దారి ఉందా?

బ్రాడీపేట అక్క:
అమ్మా, ముందు ఆ పొడి పక్కన పెట్టు, టాబ్లెట్ మాత్రం ఆపకు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద పడి మెల్లమెల్లగా దెబ్బతీసే జబ్బు ఇది, 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు రాశారు కాబట్టి ఆ పేరు. గ్రంథి చేయలేని హార్మోనునే మనం టాబ్లెట్‌గా మింగుతున్నాం, అది ఆపితే ఒంటికి ఆ హార్మోను చాలదు.

నాకైతే నీ కాఫీ, కాల్షియం మీదే అనుమానం. టాబ్లెట్ మంచినీళ్లతో పరగడుపున వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తాగకూడదు, కాఫీ కూడా. ఐరన్, కాల్షియం అయితే నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి మందుని పేగుల్లోనే పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. పొద్దున నీకు ఊపిరాడనంత పని ఉంటే డాక్టరుగారిని అడిగి రాత్రికి మార్చుకో, భోజనం అయిన మూడు గంటలకి. నేను అలాగే వేసుకుంటున్నా, పిల్లలు పడుకున్నాక ఇల్లు సద్దుమణిగి ఉంటుంది, మర్చిపోను. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం. ఈ మార్పు చేశాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టెస్టు చేయించుకో, వారానికోసారి చేయిస్తే డబ్బు దండగ, ఆ హార్మోను రక్తంలో కుదురుకోవడానికి అంత టైము పడుతుంది.

యాంటీబాడీల నంబరు వెంట పడకు. జబ్బు ఉందని తెలిశాక డోసు తేల్చేది టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోను), నీ ఒంట్లో ఎలా ఉంది అన్నది. క్యాబేజీ కూర వండుకుని మామూలుగా తిను. ఉపవాసానికి గుక్కెడు నీళ్లతో టాబ్లెట్ వేసుకుంటే ఏం కాదని అత్తయ్యగారికి చెప్పు, ఆవిడా నీ మంచి కోరే అడుగుతున్నారు.

మందుల షాపు, గుంటూరు:
ఫార్మసిస్టుని. ఒక మాట కలుపుతా. ఈ మందుకి వేడి, తేమ, వెలుతురు పడవు. మన దగ్గర మే నెలలో వంటింట్లో పొయ్యి పక్క అలమరా ఎలా కాగుతుందో మీకు తెలుసు, చాలామంది సీసా అక్కడే పెడతారు. ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే గదిలో, మూత బిగించి పెట్టండి, కారులో అసలు వదలొద్దు. బ్రాండు కూడా థైరోనార్మ్ అయితే థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ అయితే ఎల్ట్రాక్సిన్, ఏదో ఒకటే కొనసాగించండి. మార్చాల్సి వస్తే డాక్టరుకి చెప్పి మళ్లీ టెస్టు చేయించుకోండి.

కృష్ణలంక నుంచి:
బిడ్డ కోసం అనుకుంటున్నారంటే 6.5తో ఆగకండి అండి, ఇప్పుడే డాక్టరుగారికి చెప్పండి. సాధారణంగా 2.5 లోపు ఉండేలా చూస్తారు. మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకి తల్లి హార్మోనే ఆధారం, అందుకే నెల తప్పిందని తెలిసిన రోజే ఫోన్ చేయాలి. చాలామందికి డోసు 25 నుంచి 30 శాతం పెంచుతారు. నాకు పెంచారు, నెలనెలా టెస్టు రాశారు, బాబు బాగున్నాడు. గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ ఈ టాబ్లెట్‌కి భయపడక్కర్లేదు. మా ఆడపడుచుని మాత్రం వాళ్ల పక్కింటావిడ భయపెట్టి మాన్పించింది, అలాంటి మాటలు విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

పటమట కోడలు:
అక్కా, అందరికీ థాంక్స్ అండి. రేపటి నుంచి కాల్షియం, ఐరన్ మధ్యాహ్నానికి మారుస్తాను. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ కూడా వేసుకుంటున్నా, దానికీ ఎడం ఉండాలా?

మందుల షాపు, గుంటూరు:
బయోటిన్‌తో చిక్కు టెస్టు దగ్గరండి. చాలా ల్యాబుల్లో వాడే పద్ధతిలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు, టీ4 ఎక్కువ చూపించవచ్చు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి, డోసు పెద్దదైతే ఇంకా ముందే, డాక్టరుని అడిగి. నీరసం తగ్గకపోతే ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బీ12 కూడా చూడమనండి, హషిమోటో ఉన్నవాళ్లలో బీ12 లోపం కనిపిస్తుంటుంది.